పట్టుచీరల సంచి, ఆస్పత్రి దారి

నేను ఒక సంచిని. ఆ మాట వినగానే మీకు కూరగాయల సంచో, రేషను బియ్యం సంచో గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు. గుంటూరులో చిత్రాంగి సిల్కు భవనం అనే నాలుగంతస్తుల కొట్టులో, పట్టుచీర కొన్నవాళ్ళకు మాత్రమే ఇచ్చే రకం సంచిని. ముదురు మెరూన్ రంగు మందపాటి గుడ్డ, పైన ఇత్తడి జిప్పు, రెండు వైపులా బంగారు అక్షరాలు, లోపల తెల్లటి అస్తరు. ఇప్పుడు ఆ అక్షరాల్లో సగం రాలిపోయాయి. జిప్పు సగం దాకా వచ్చి మొండికేస్తుంది. అయినా నాకేం తక్కువ లేదు. చీరాల దగ్గర ఒక నేతగాళ్ళ వీధిలో, భద్రావతి మగ్గం పక్కన, గోడ మేకుకు అందరికీ కనబడేట్టు వేలాడుతూ ఈ సంగతులు చెబుతున్నాను. ఆ మేకు నాకు ఊరికే దక్కలేదు. దానికోసం రెండున్నరేళ్ళు అటక మీద దుమ్ము తిన్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో గెలుపు మాదే. ఎలా గెలిచామో వినండి.

నన్ను కుట్టినావిడ పేరు నాకు తెలియదు. రోజుకు వంద సంచులు కుట్టే షెడ్డులో పని ఆవిడది. నా ఎడమ పట్టీ కుట్టేటప్పుడు మిషనులో దారం అయిపోయింది. మళ్ళీ దారం ఎక్కించే ఓపిక లేక, రెండు కుట్లు తక్కువగానే వదిలేసి, "లోపలి వైపేగా, ఎవరు చూస్తార్లే!" అని నన్ను గుట్ట మీదికి విసిరేసింది. ఆ మాట అప్పుడే నా మనసులో ముల్లులా దిగింది. మీరు కూడా దాన్ని కాస్త గుర్తుంచుకోండి.

పట్టుచీర సంచి బతుకు పెళ్ళికొడుకు బతుకు లాంటిది, వైభవమంతా ఒక్కపూటే. నెమలికంఠం రంగు చీర ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ ఇంటికి వెళ్ళాను. చీర బీరువాలోకి పోయింది, నేను బీరువా కిందికి పోయాను. ఆ వేసవిలో ఆవిడ నాలో ఆవకాయ జాడీ పెట్టి చీరాల్లో ఉన్న అన్నగారింటికి పంపింది. దారిలో జాడీ మూత కదిలి, నా తెల్లటి అస్తరు మీద అరచేయంత నూనె మరక పడింది. అప్పటి నుంచీ నన్నెవరైనా తిరగేస్తారేమోనని నాకు ఒకటే భయం. పైకి బంగారు అక్షరాలు, లోపల ఆవకాయ మరక. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్ళు చాలామందే ఉంటారని తర్వాత తెలిసింది.

ఆ అన్నగారి పేరు మార్కండేయులు. ఆయన భార్య భద్రావతి. ఇద్దరూ నేతపనివాళ్ళు. ఆయన నిలువుపోగుల పడుగు తోడి సిద్ధం చేస్తే, ఆవిడ గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ విసురుతూ నూలు చీరలు నేసేది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. మాట తక్కువ, పంతం ఎక్కువ. ఆవిడ చీర అంచు చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడా ఎగుడుదిగుడు తగలదని వీధంతా చెప్పుకునేవారు. పట్టు తప్ప నూలు మొహం ఎరగని నేను మొదట్లో ఆ ఇంట్లో ముక్కు ఎగరేసుకునే ఉన్నాను.

ఆ సంవత్సరమే ఆవిడకు కుడి రొమ్ములో గడ్డ కనబడింది. ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి అది చింతగింజ దాటిపోయింది. గుంటూరు పెద్దాస్పత్రిలో రకరకాల ఫోటోలు తీశారు, సూది గుచ్చి ముక్క తీశారు, కాగితాల మీద కాగితాలు ఇచ్చారు. ఆ పెద్ద పెద్ద ఫిల్ముల కవర్లు దేనిలోనూ పట్టలేదు. మార్కండేయులు ఇల్లంతా వెతికి చివరికి నన్ను దులిపాడు. మడత పెట్టిన చీర పట్టే చోట ఆ కవర్లు అంగుళం తేడా లేకుండా పట్టాయి. అలా నేను పెళ్ళిచీర సంచిని కాస్తా ఆస్పత్రి సంచినయ్యాను.

ఆస్పత్రిలో బెంచీ మీద నా పక్కన ఒక మందులషాపు తెల్ల కవరు కూర్చుంది. దాని యజమానురాలి పేరు కరీమున్. వేటపాలెంలో జీడిపప్పు వలిచే పని. వేళ్ళ చివర్లు జీడి రసానికి నల్లబడి ఉంటాయి, నోట్లో మాట మాత్రం ఎప్పుడూ తెల్లగా నవ్వుతుంటుంది. ఆమెకూ అదే జబ్బు. ఇద్దరికీ ఒకే రోజున ఆపరేషన్లు చేశారు. పక్కపక్క మంచాలు వేశారు. మందులెక్కించే గదిలో ఇద్దరికీ జుట్టు ఊడింది, ఇద్దరూ ఒకరి తల ఒకరు చూసుకుని ఏడవబోయి నవ్వేశారు. ఎనిమిది నెలల్లో వాళ్ళిద్దరూ తోడబుట్టినవాళ్ళకన్నా ఎక్కువయ్యారు.

ఆఖరి రోజున డాక్టరు శశిరేఖ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. జబ్బు తగ్గింది, సంతోషం. కానీ రెండేళ్ళ పాటు మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, ఆ తర్వాత ఆరునెలలకోసారి. ఎస్తేరు సిస్టరు పసుపుపచ్చ కార్డు మీద తేదీ వేసి నా లోపలి జేబులో స్వయంగా పెట్టింది. "మర్చిపోమాక తల్లీ, నేను ఫోన్ చేస్తా" అంది. భద్రావతి తలూపింది. ఊపిన తల ఊపినట్టే బస్సెక్కింది. ఇంటికొచ్చాక, ఖాళీ కండెలు వేసే వెదురుబుట్టలో నన్ను అడుగున పడేసి, పైన నూలు చుట్టే కండెలు గుమ్మరించి, ఆ బుట్టను మగ్గం మీది అటక ఎక్కించేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నెలలు ఆవిడతో ఎండలో వానలో తిరిగినదాన్ని. కృతజ్ఞత అంటే ఇదేనా అనుకున్నాను. తర్వాత పైనుంచి వింటూ వింటూ అసలు సంగతి అర్థం చేసుకున్నాను. ఆవిడ దాచింది నన్ను కాదు, ఆ పసుపు కార్డును.

భద్రావతి నమ్మకం ఆవిడ నాన్న దగ్గర నేర్చుకున్నది. ఎనిమిదేళ్ళ వయసులో మగ్గం దగ్గర కూర్చోబెట్టి ఆయన చెప్పిన మొదటి పాఠం ఒకటుంది. పడుగులో పోగు తెగితే మెలిపెట్టి అతుకు, అతికాక ఇక దాని జోలికి పోకు. బాగా అతికిందా లేదా అని వేలితో గిల్లావంటే, అది తెగడమే కాదు, పక్కనున్న నాలుగూ తెగుతాయి. నలభై ఏళ్ళుగా ఆవిడ చేతుల కింద ఆ మాట నిజమవుతూనే ఉంది. జబ్బూ అంతే. డాక్టరు కోసింది, అతికింది, అయిపోయింది. మళ్ళీ వెళ్ళి నొక్కించుకుని, గుచ్చించుకుని, ఫోటోలు తీయించుకుంటే పడుకున్నదాన్ని చేజేతులా లేపినట్టే. ఈ నమ్మకానికి వీధి కూడా వత్తాసు పలికింది. పక్క సందులో ఒకామె పరీక్షకు వెళ్ళిన మూడు నెలలకు పోయిందని, వెళ్ళకుండా ఉంటే బతికేదేనని అందరూ తీర్మానించేశారు. ఆమె పరీక్షకు వెళ్ళేనాటికే ఎంత ఆలస్యమైందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఎస్తేరు సిస్టరు చెప్పినట్టే ఫోన్ చేసింది. భద్రావతి ఫోనును మొగుడి చేతిలో పెట్టి, నాడె విసరడం మొదలుపెట్టింది. మార్కండేయులు అబద్ధం ఆడి ఎరగడు. నాలుకతో పెదవి తడుపుకుని, "ఊళ్ళో లేదమ్మా" అన్నాడు. వెనక మగ్గం టకటకమని వీధి చివరికి వినబడుతూనే ఉంది. అవతల సిస్టరు కొంచెంసేపు ఆ చప్పుడు విని, "సరే, వచ్చాక చెప్పండి" అంది. రెండున్నరేళ్ళలో అలాంటి ఫోన్లు ఎన్నో వచ్చాయి. ప్రతిసారీ ఆవిడ ఊళ్ళో లేదు, మగ్గం మాత్రం ఉంది.

కరీమున్ నమ్మకం దీనికి తలకిందులు. ఆమె దృష్టిలో జబ్బు ఎక్కడికీ పోలేదు, ఒంట్లోనే ఏదో మూల నక్కి ఉంది. మోకాలు నొప్పి పుడితే అక్కడికి దిగిందని, దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందని భయం. గుంటూరులో చూపించుకుని, అది చాలక బెజవాడలో ఇంకో డాక్టరు దగ్గరికి, అక్కడ ఏమీ లేదంటే ఊళ్ళో సూదిమందు డాక్టరు దగ్గరికి, ఆయన కూడా ఏమీ లేదంటే దర్గాలో తాయెత్తుకి. పని రోజుల్లో సగం బస్సుల్లోనే గడిచిపోయేవి. తిరిగొచ్చేటప్పుడు చీరాల్లో దిగి భద్రావతి ఇంటికి వచ్చేది. ఆమె తెల్ల కవరు స్థానంలో పెద్ద ప్లాస్టిక్ బుట్ట వచ్చింది. పాపం, దానికి ఆయాసం.

"అక్కా, నువ్వు ఒక్కసారన్నా రా" అని ఈమె.

"నువ్వు ఒక్కసారన్నా ఆగు" అని ఆవిడ.

ఇద్దరూ ఒకరిమీద ఒకరు జాలిపడుతూ టీ తాగేవాళ్ళు. పైన బుట్టలో నేను ఇద్దరిమీదా జాలిపడుతూ ఉండేదాన్ని. ఒకే డాక్టరు, ఒకే గదిలో, ఒకే మాట చెప్పింది. ఆ మాట ఇద్దరి ఇళ్ళకీ చేరేలోపు ఇద్దరి భయాలూ దాన్ని పట్టుకుని తమకు కావలసినట్టు నేసుకున్నాయి. మనుషులు తెలివైనవాళ్ళంటారు. నాకైతే కండెలే నయమనిపించింది.

మూడో ఏడు ఆషాఢంలో ఒక మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. అటక పలకల సందులోంచి చూశాను. భద్రావతి ఎడమ చెయ్యి నాడె మీద ఉంది, కుడి చెయ్యి జాకెట్టు ఎడమ పక్కకు పోయింది. వేలి చివర ఒక చోట ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

వసారాలో పడుగు సరిచేస్తున్న మార్కండేయులు కేకేశాడు. "ఏమే, మగ్గం ఆగిందే?"

"పోగు తెగిందయ్యా."

"అతికావా?"

"ఆఁ, అతికా."

పోగేమీ తెగలేదు. పైనుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం ఆయన నూలు తేవడానికి వెళ్ళాక ఆవిడ స్టూలెక్కి బుట్ట దించింది. కండెలు తోసి నన్ను పైకి తీసింది. జిప్పు లాగి పసుపు కార్డు చూసింది. కార్డు మీద ఒకే ఒక తేదీ ఉంది, అది ఎప్పుడో గడిచిపోయింది. మళ్ళీ జిప్పు వేసి, నన్ను అడుగున పెట్టి, కండెలు కప్పి, బుట్ట పైకి ఎక్కించింది. ఆ వారంలో మూడుసార్లు అలాగే చేసింది. ప్రతిసారీ నా పట్టీ మీద ఆవిడ చెయ్యి ఇంకాస్త గట్టిగా బిగిసేది. తీసుకెళ్ళు తల్లీ, తీసుకెళ్ళు అని నేను లోలోపల అరిచాను. సంచి అరుపు ఎవరికి వినబడుతుంది? కన్నీళ్ళు రావు గానీ, వస్తే ఆ అస్తరు మీద మరక కూడా కడుక్కుపోయేది.

ఆ వారం చివర ఒకరోజు పొద్దున్నే కరీమున్ వచ్చింది. బెజవాడ వెళ్తూ వెళ్తూ ఆగింది. అంతకుముందే భద్రావతి చీర పూర్తి చేసి మగ్గం మీంచి కోసింది. పసుపు మీద ఎర్రంచు చీర. దాన్ని మడత పెట్టలేదు. గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడి, చీరను తిరగేసి, వెనక వైపు పైకి వచ్చేట్టు పట్టుకుని, జానెడు జానెడుగా జరుపుతూ చూస్తోంది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. తిరగేసి చూడకుండా చీర గడప దాటదు. ఇదీ ఆవిడ నాన్న నేర్పిందే.

కరీమున్ అరుగు మీద కూర్చుని అడిగింది. "ఏందక్కా అంత చూపు?"

"ఏవన్నా లోపం పడిందేమోనని."

"నేసింది నువ్వేగా? నీకు తెలవదా?"

"నేసేటప్పుడు పైవైపే కదే కనబడేది. పోగు ఎక్కడ జారిందో, ఎక్కడ వదులయిందో తిరగేస్తే గానీ తెలవదు. మన కళ్ళ ముందర నేసిందేనని నమ్ముకుంటే నాలుగు ఉతుకులకి చీలికలవుద్ది."

"మరి లోపం కనబడితే?"

"ఇప్పుడైతే ఒక్క సూదితో సరి. చిరిగినాక ఎవురేం చేస్తారు?"

కరీమున్ మామూలుగానే అడిగింది, ఆమె మనసులో వేరే ఎత్తేమీ లేదు. "ఇట్టా తిరగేసి చూస్తే చీర పాడైపోదా అక్కా?"

"చూస్తే ఎందుకు పాడవుద్దే పిచ్చిదానా! గిల్లితే తెగుద్ది గానీ, చూస్తే..."

భద్రావతి మాట అక్కడ ఆగిపోయింది. చీర చేతుల్లోనే ఉంది. ఎర్రంచు మీద ఆవిడ వేలు, మొన్న మగ్గం దగ్గర ఆగినట్టే ఆగింది. నాన్న చెప్పిన మాటలు రెండు. ఆవిడ ఒకటే పట్టుకుని రెండున్నరేళ్ళు కూర్చుంది, రెండోది రోజూ చేతులతో చేస్తూ కూడా చెవిన పెట్టలేదు. ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. చీర ఒళ్ళో కుప్పపడింది.

"కరీమూ, ఇటుపక్క నాకు పెసరగింజంత తగులుతుందే. వారం అయింది."

కరీమున్ నల్లటి వేళ్ళు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రతి చిన్న నొప్పికీ యా అల్లా అని వీధి ఎగరగొట్టే మనిషి, ఆ రోజు మాత్రం లేచి వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. "కాయితాలు ఏడున్నయి?" అని మాత్రం అంది.

"పైన. కండెల బుట్టలో."

బుట్ట దిగింది. కండెలు నేలమీద దొర్లాయి. రెండున్నరేళ్ళ తర్వాత నాకు పగటి వెలుతురు తగిలింది. కరీమున్ నన్ను దులిపిన దులుపుకు నాలో కాపురం పెట్టిన సాలీడు పరుగెత్తింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం చిత్రాంగి సిల్కు భవనం గాజు బీరువాలో నిలబెట్టినప్పుడు కూడా కలగలేదు.

అప్పుడే నూలుకట్టలతో వచ్చిన మార్కండేయులు గుమ్మంలో ఆగిపోయాడు. నన్ను చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. అడగవలసిన అవసరం రాలేదు.

"నేనూ వస్తా" అన్నాడు. చొక్కా తొడుక్కుంటే బొత్తాలు ఒకదాని కాజాలో ఒకటి పడ్డాయి. భద్రావతి వాటిని విప్పి మళ్ళీ పెట్టింది.

బస్సులో కరీమున్ ఆగలేకపోయింది. గుంటూరులో చూపించాక అట్నుంచి అటే బెజవాడ డాక్టరు దగ్గరికి, తర్వాత తను ఎరిగిన ఇంకొకాయన దగ్గరికి కూడా పోదామంది. భద్రావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "చూడు కరీమూ. నేను చీరని అసలు తిరగెయ్యకుండా మడతపెట్టా. నువ్వేమో మూరకోసారి మగ్గం మీంచి కోసి చూస్తన్నావు. అట్టా కోస్తే చీర ఎప్పటికి అవుద్ది? మనిద్దరికీ ఆ డాక్టరమ్మ వేళ చెప్పింది. ఆ వేళకి పోదాం. మజ్జెలో ఏదన్నా తేడా తగిలితే ఆవిడకే చెబుదాం." కరీమున్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బాపట్ల దాటాక ఆమె చెయ్యి తాయెత్తు మీదికి పోయింది గానీ, బెజవాడ మాట మళ్ళీ రాలేదు.

ఎస్తేరు సిస్టరు మమ్మల్ని చూడగానే నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం తల్లీ, ఊళ్ళోకి వచ్చావా?" అంది. మార్కండేయులు నేలకేసి చూశాడు. నేను మాత్రం ఆయన చంకలో పకపకా నవ్వుకున్నాను. సిస్టరు నా జేబులోంచి పసుపు కార్డు తీసి, పక్కన ఇంకో కొత్త కార్డు పెట్టి గుండుసూది గుచ్చింది.

ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని డాక్టరు శశిరేఖ ఒక్క మాట కూడా అడగలేదు. పరీక్ష చేసింది, ఫోటో తీయించింది, సూదితో ముక్క తీయించింది. ఫలితానికి ఎనిమిది రోజులన్నారు. ఆ ఎనిమిది రోజులూ మగ్గం ఆడలేదు. నన్ను మాత్రం అటక ఎక్కించలేదు, మంచం పక్కనే పెట్టుకున్నారు. ఒకరోజు మార్కండేయులు అన్నం ముందు కూర్చుని, "నేను ఆ ఫోన్లో అట్టా చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. "చెప్పించింది నేనేగా, తిను" అంది భద్రావతి. ఆయన తిన్నాడు గానీ ఎంత తిన్నాడో నాకు తెలుసు.

తొమ్మిదో రోజున డాక్టరు కాగితం ముందు పెట్టుకుని చెప్పింది. "అదే జబ్బు. కానీ పాతది తిరిగి రాలేదు. ఇది ఎడమవైపు కొత్తగా వచ్చింది, చాలా చిన్నది. పక్కకి ఎక్కడికీ పాకలేదు. చిన్న ఆపరేషను, తర్వాత మూడు వారాలు కరెంటు, అదే రేడియేషను, పెడతాం. ఈసారి మందులెక్కించే పని లేదు. ఇంకో ఏడాది ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ మాట ఇంత తేలిగ్గా చెప్పగలిగేదాన్ని కాదమ్మా."

భద్రావతి కళ్ళు తుడుచుకోలేదు. నన్ను గుండెకు హత్తుకుని, అన్నేళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేసింది. "నేను చూపించుకోబట్టి లేచిందా అమ్మా?"

"చూపించుకోక ముందే నీ వేలికి తగిలిందిగా?"

భద్రావతి నెమ్మదిగా నవ్వింది. ఆవిడ నవ్వు ఆ గదిలో నేను అదే మొదటిసారి చూడటం. "అవునమ్మా. లోపం ముందే ఉంది. తిరగేశాం కాబట్టి కనబడింది" అంది.

అంతా డాక్టరు చెప్పినట్టే అయింది. ఆపరేషనైన రెండో నెలకు భద్రావతి మళ్ళీ మగ్గంలో కాళ్ళు పెట్టింది. జుట్టు ఊడలేదు, నోరు పూయలేదు. మొదటిరోజు జానెడే నేసింది. ఆ జానెడు నేసినందుకు మార్కండేయులు బజారుకెళ్ళి మైసూర్ పాక్ తెచ్చాడు. తీపి అంటే ఆవిడకు గిట్టదని ఆయనకు తెలుసు, అయినా తెచ్చాడు, ఆవిడ తింది.

ఆ వారమే మేకు పడింది. "ఇక్కడ కొట్టయ్యా, మగ్గం పక్కన, వాకిట్లోంచి కనబడాల" అంది భద్రావతి. ఆయన కొడుతుండగానే పక్కింటి నాగరత్నం తొంగిచూసింది.

"ఏంది వదినా ఆ సంచి, పెళ్ళికా?"

"కాదు. నా కేన్సరు కాయితాలు."

నాగరత్నం చేతిలో చెంబు ఒరిగింది. ఆ వీధిలో ఆ పేరు ఎవరూ గట్టిగా పలకరు, ఆ జబ్బు అనో, పెద్దజబ్బు అనో గొణుగుతారు. పేరు పలికితే గుమ్మంలోకి వస్తుందని వాళ్ళ నమ్మకం. భద్రావతి పలికింది. ఏమీ రాలేదు, చెంబులో నీళ్ళు కాస్త ఒలికాయంతే. మర్నాడు పొద్దున్నే నాగరత్నం మళ్ళీ వచ్చింది. ఈసారి చెంబు లేదు. తలుపు దగ్గరగా వేసి, చెవిలో ఏదో చెప్పింది. మూడో రోజున బస్సులో నా పక్కన ఇంకో సంచి ఉంది. నాగరత్నానికి వచ్చింది ఉత్త నీటిగడ్డేనని తేలింది. ఆ సాయంత్రం ఆమె బస్టాండులో పది రకాల గాజులు కొనుక్కుని, వీధంతా గలగలలాడించింది.

ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు మొదలుపెట్టారు. భయపడేవాళ్ళకు భద్రావతి ఉపన్యాసాలు ఇవ్వదు. మగ్గం మీంచి దించిన చీరను చేతికిచ్చి, "తిరగేసి చూడు" అంటుంది. "చూడకుండా ఇస్తే తీసుకుంటావా?" అని అడుగుతుంది. తీసుకోను అంటారు. "మరి ఒంటినెందుకే చూడకుండా అట్టిపెట్టుకుంటావు?" అంటుంది. నేతగాళ్ళ వీధిలో ఇంతకు మించి వాదన అక్కర్లేదు. ఇద్దరికి జబ్బు బయటపడింది, ఇద్దరిదీ వేళకే బయటపడింది. ఎస్తేరు సిస్టరు ఇప్పుడు ఫోన్ చేయదు. భద్రావతే ఆవిడకు చేసి, ఫలానా రోజున ఎంతమందిమి వస్తున్నామో చెబుతుంది.

కరీమున్ కూడా మారింది. ఒకేసారి కాదు. మధ్యలో ఒకసారి నడుం నొప్పికి బెజవాడ బస్సెక్కి కూడా, బాపట్లలో దిగి వెనక్కి వచ్చిందట. "మూరకోసారి కోయకూడదన్నావుగా అక్కా" అంది సిగ్గుపడుతూ. ఇప్పుడు పని దినాలు పనికే పోతున్నాయి. ఆమె ప్లాస్టిక్ బుట్టలో ఇప్పుడు జీడిపప్పు పొట్లాలు కూడా ఉంటాయి, నాకు ఆ వాసన అలవాటైంది.

ఈ ఏడు శ్రావణంలో భద్రావతి రెండో ఆపరేషనుకు అయిదేళ్ళు నిండాయి. కార్డు మీద కార్డు గుచ్చి గుచ్చి లోపలి జేబు ఉబ్బిపోయింది. డాక్టరు అన్నీ చూసి, ఇకనుంచి ఏడాదికోసారి వస్తే చాలంది. భద్రావతి లేచి డాక్టరు రెండు చేతులూ పట్టుకుంది. మార్కండేయులు గోడవైపు తిరిగి ముక్కు చీదాడు. కరీమున్ దగ్గర అవేమీ దాచుకోవడాలుండవు, బావురుమని ఏడ్చి, అందరికీ జీడిపప్పు పంచింది.

ఆ రోజు నేను కాగితాలతో పాటు ఇంకోటి కూడా మోసుకెళ్ళాను. భద్రావతి రెండు నెలలు కూర్చుని నేసిన చీర, లేత ఆకుపచ్చ మీద తెల్లంచు, ఎస్తేరు సిస్టరు కోసం. ఇన్నేళ్ళకు మళ్ళీ నాలో చీర! నూలుదే, పట్టు కాదు. దాని పక్కన ఆ నెమలికంఠం పట్టుచీర ఏపాటిదని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను సమాధానం కూడా చెప్పను.

సిస్టరు చీర అందుకుని, ముందు తిరగేసి చూసింది. "నువ్వు నేర్పిందేగా తల్లీ" అంది. వరండా అంతా నవ్వింది.

ఇంటికొచ్చాక భద్రావతి నన్ను మేకుకు తగిలించబోయి ఆగింది. నాలోని కాగితాలన్నీ మంచం మీద పేర్చింది. నన్ను ఉతకాలనుకుని, జిప్పు పూర్తిగా లాగి, రెండు చేతులతో తిరగేసింది.

నేను భయపడిందే జరిగింది. ఇన్నేళ్ళు మందీమార్బలంతో ఆస్పత్రి వరండాలు ఏలినదాన్ని, ఇప్పుడు ఆవకాయ మరకతో సహా వెలుతురులో పడ్డాను. ఆవిడ మరకను చూసింది. "మా ఆడబిడ్డ ఆవకాయ" అని నవ్వి, సబ్బు రుద్దింది. ఆరేశాక, చీరను చూసే చూపుతో నన్ను చూస్తూ, కుట్టు వెంట వేలు నడిపింది. ఎడమ పట్టీ దగ్గర ఆ వేలు ఆగింది.

"ఇక్కడ రెండు కుట్లు తక్కువున్నయ్యే! ఇన్నేళ్ళు ఎట్టా మోశావమ్మా ఇంత బరువు?"

వెలుగు తగ్గకముందే గుమ్మంలో కూర్చుని, మగ్గం మీద మిగిలిన ఎర్రనూలు సూదిలో ఎక్కించి, ఆ చోట నాలుగు కుట్లు వేసింది. రెండు వేయవలసిన చోట నాలుగు. లాగి చూసింది. గట్టిగా ఉంది. మళ్ళీ మామూలుగా తిప్పి, కాగితాలు సర్ది, మేకుకు తగిలించింది.

ఎవరు చూస్తార్లే అని నన్ను గుట్టలో విసిరేసిన ఆ కుట్టుపనావిడ మీకెక్కడైనా తారసపడితే, నా మాటగా ఒక కబురు చెప్పండి. చూశారమ్మా. చూసి, కుట్టారు.